పొడుగు చేతుల అంగి

"తాతా, సైన్సు సదివినోడివి, మళ్ల మతాల పుస్తకాల మీద ఎందుకు వడ్డవ్?" అంటున్నవా? మంచిగ అడిగినవ్ తియ్యి బిడ్డా. కాలేజిల అడిగెటోళ్లకు ఓ జవాబు ఉండె, బట్టిపట్టి పెట్టుకున్నది. నీకు అది చెప్ప. జర గా దిండు ఇటియ్యి.

మాది సుల్తానాబాద్ పక్కపొంటి పల్లె. మా బాపు గుడిల పాదిరి... కాదు కాదు, పాదిరి నెలకోసారి వచ్చెటోడు. బాపు కూలికి పోవుకుంటనే వాక్యం చెప్పెటోడు. నిజాం సర్కారు పోయినంక నాలుగైదేండ్లు గావచ్చు, సంతల ఇంక నిజాం పైసలే, హాలి సిక్క నడుస్తుండె, అణాకు జేబు నిండ బటానీలొచ్చు... ఇగ అది వద్దు తీ.

బడికి టీకలాయన వచ్చి అందరికి ముంజేతి మీద సూదుల గిరక తిప్పి టీకలేసి పోయిండు. బాపుతోని చెప్ప భయమైంది. టీకంటే దేవుని మీద నమ్మిక లేనట్టే అనెటోడు. మిషనోళ్లు వద్దనలే, అది బాపు సొంత పట్టు. ఎండల గూడ పొడుగు చేతుల అంగి తొడుక్కోని తిరిగిన.

నెల దాటినంక ఊర్ల తల్లి వోసింది. మశూచి బిడ్డా, మీరెరుగరు. బాపు ఇంట్ల 'తల్లి' అననియ్యకపోయెటోడు, జబ్బు అనాలె. టీకలాయన మా వాకిట్లకే వచ్చి నిలవడ్డడు. బాపు లొల్లి వెట్టుకోలే, మర్యాదగనే చెప్పిండు. "ఉపాస ప్రార్థన మొదలువెట్టినం దొరా, ఆదివారం దాక జర ఆగుండ్రి." ఆయన మళ్ల రాలే. నేను గడపల్నే ఉన్న. అంగి చెయ్యి మీదికి గుంజి, సూడు బాపు నాకేం గాలే, అంటే అయిపోతుండె. అనలే.

మా చెల్లె సుగుణ, ఎనిమిదేండ్లది, దాన్ని బడికి పంపలే, నా పక్కల్నే పండేది. దానికి వోసింది. తొమ్మిది రోజులే. నాకు ఒక్క పొక్కు గూడ రాలే.

దాన్ని మట్టిల వెట్టినంక వచ్చిన ఆదివారం, బాపు నన్ను సంఘం ముంగట నిలవెట్టిండు. "రెండు ప్రాణాలు అడిగిన, ప్రభువు ఒకటి ఇచ్చిండు. సాక్ష్యం చెప్పు కొడుకా" అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకోనే మనిషి నిలవడ్డడు, నాకు కనవడుతనే ఉన్నది. ఏం జెయ్యాలె? ప్రార్థనే కాపాడిందని చెప్పిన. అంగి చేతులు మణికట్టు దాక దించుకోని చెప్పిన. అందరు స్తోత్రం అన్నరు. టీక పుండు మరకలంటిన అంగి ఉతికింది మమ్ముల గన్న అవ్వనే గదా, అవ్వొక్కతి అనలే.

గందుకే సదివిన బిడ్డా. టీక ఎట్ల పనిజేస్తదో సైన్సుల తెల్సింది, అది సులువే. బాపు కూలిపోకుంట ఆయనకు ఎట్ల చెప్పాల్నో దాంట్ల లేకపోయె. గీ పుస్తకాలల్ల దొరుకుతదేమో అని పడ్డ. నేను రాసిన పుస్తకాలన్ని ఆ మాట కోసం తిరిగినయే. దొరకలే. పానం పొయ్యే రోజు బాపు నా చెయ్యి వట్టుకోని, "నా సాక్ష్యం నువ్వే కొడుకా" అన్నడు. బొటనేలు సరిగ్గ టీక మచ్చ మీదనే ఉండె. నేను చెయ్యి గుంజుకోలే, చెప్పలే.

జల్మంత బేకారుగ సదివిన బిడ్డా. నీకు దేవుడో, ఎవరో, ఇంట్లోళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరియ్యాలె. సల్లగుండు... జర గా అంగి అందియ్యి. గది గాదు, పొడుగు చేతులది...