గంపకో చెయ్యి

(2007. కాకినాడ అవతల సముద్రపొడ్డు పల్లె. మధ్యాహ్నం మూడు గంటలు. నూకరత్నం ఇంటి పెరట్లో ఆమె, ఆమె వదిన, అంటే మొగుడి అక్క, తలుపులమ్మ.)

"పద్నాలుగు... పదిహేను... ఆగు వదినా, లెక్క తప్పుద్ది. పదహారు."

"ఆ సంచి కింద పెట్టవే రత్నం. చూడలేకపోతున్నాను."

"చూడమని నేనన్నానా? గుమ్మంలో నిలబడింది నువ్వు. పదిహేడు."

"ఏముందే అందులో?"

"ఇసక. ఆరు కేజీలు. మొదలెట్టినప్పుడు అరలీటరు నీళ్ళ సీసా. దానికే గజగజా వణికేది చెయ్యి."

"కోసిన వైపు చేత్తో చెంబు కూడా ఎత్తకూడదని ఊరంతా చెప్పింది నీకు. వాచిపోద్దని."

"ఊరికేం తెలుసు? ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే అశ్విని మేడం చెప్పింది. చేతికి ఈ బిగుతు తొడుగు వేసుకుని కొద్దికొద్దిగా పెంచమంది, వాపొస్తే ఆపి రమ్మంది. రాలేదు వాపు. ముట్లాగి ఎనిమిదేళ్ళయింది, దానిమీద ఈ మందులు. ఎముకలు గుల్లయిపోతాయంట. జారిపడితే తుంటి విరుగుద్దంట. బరువులెత్తితే కండా ఎముకా గట్టిపడతాయంది."

"యాభైఆరేళ్ళకి కండలేంటే, మగరాయుడిలాగ!"

"ఒక రొమ్ము పోయింది. బదులు రెండు కండలొస్తే నీకేంటి నష్టం?"

"ఛీ, ఆ మాటనకు."

"ఏ మాట? రొమ్మనా? పిల్లలకి పాలిచ్చినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? మీరంతా ఆ జబ్బు, ఆ జబ్బు అని గుసగుసలాడతారు. పేరుంది దానికి. రొమ్ము కేన్సర్. అను."

"నేననను."

"అనకపోతే పోద్దా? సరే, ఎందుకొచ్చావు? ఏడాదైంది నువ్వీ గుమ్మం తొక్కి."

"ఊరికే."

"ఊరికే రావు నువ్వు. పల్లంరాజు పంపాడా?"

"ఊరి పెద్దమనిషి... ఆయన మాట కూడా..."

"అంటే పంపాడు. ఏమంటాడు?"

"రేపు నువ్వు మళ్ళీ వస్తున్నావని విన్నాడంట, పడవలొచ్చేటప్పటికి రేవుకి రావద్దన్నాడు. నువ్వుంటే బేరగాళ్ళు వెనక్కి పోతారంట."

"నా చేపకి కూడా కేన్సరొచ్చిందంటా?"

"అంటుకుంటుందని భయం వాళ్ళకి."

"అంటుకునేదైతే నీ తమ్ముడికి, నా మొగుడికి రావద్దా ముందు? ఒకే కంచంలో తింటున్నాడు. నేను వస్తే?"

"రావద్దే రత్నం."

"వస్తే ఏం చేస్తాడంట?"

"గంప సముద్రంలో పడుద్దన్నాడు."

"గంపేనా? గంపతో పాటు నేనా?"

"అలా అనలేదు."

"అనలేదా, నువ్వు చెప్పట్లేదా?"

"నన్నడక్కే రత్నం."

"సరే. చెప్పకు."

"గంపెత్తే మనిషి లేని దానివి, రేవుకొచ్చి ఏం చేస్తావే? ఇంట్లో ఉండొచ్చుగా."

"ఎత్తే మనిషి ఎందుకు లేదో నువ్వు చెప్పు వదినా. ఇరవై కేజీల చేప, మీద ఐసు. ఒక్కదానివల్ల నెత్తికెక్కదని ముప్పయ్యేళ్ళు నా గంపకి నువ్వు, నీ గంపకి నేను చెయ్యేశాం. ఆపరేషనయ్యాక నేను మొదటిసారి రేవుకొచ్చి, గంప నింపుకుని నిన్ను పిలిచాను. గుర్తుందా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు..."

"గుర్తుందా అంటున్నా."

"ఉంది."

"వినపడనట్టు మొహం తిప్పుకున్నావు. నిన్ను చూసి రేవంతా తిప్పుకుంది. సొంత వదినే ముట్టుకోలేదు, మనకెందుకన్నారు. పది దాటే వరకూ ఆ గంప పక్కన కూర్చున్నాను. ఈగలు ముసిరాయి. కాకులు నా ముందే లాక్కుపోయాయి."

"చాలే రత్నం. చాలు."

"ఆ రోజే అనుకున్నాను, ఇంకెవర్నీ పిలవనని. మొదట మోకాళ్ళ మీదకి, అక్కణ్ణించి గుండెల మీదకి, అక్కణ్ణించి నెత్తిమీదకి. మూడెత్తుల్లో. నిన్న గంపలో ఇసక పోసి ఇరవై కేజీలెత్తాను. రేపు చేపతో ఎత్తుతాను. పల్లంరాజుని ఎదురుగా నిలబడి చూడమను."

"చెబుతాలే... రత్నం, ఒకటడగనా?"

"అడుగు."

"నీకు మొదట్లో నొప్పి పుట్టిందా?"

"దేనికి?"

"అదే... ఆ జబ్బుకి."

"లేదు. నొప్పుంటే అప్పుడే పరిగెత్తేదాన్ని. బఠాణీ గింజంత తగిలింది. నొప్పి లేదు కదాని ఊరుకున్నాను. ఎందుకు?"

"ఊరికే. మా పక్కింటావిడ పాపాయి అడగమంది."

"పాపాయికుందా గడ్డ?"

"ఏమో. అడగమంది. చంకలోకి కూడా వస్తుందా?"

"వస్తుంది. దాన్ని రేపే కాకినాడ తీసుకెళ్ళు. సిగ్గని, ఖర్చని కూర్చుంటే మనిషి మిగలదని చెప్పు."

"చెబుతాలే. వెళ్తాను, పొయ్యి మీద అన్నముంది."

"ఆగు. ఆ జుట్టు ముడేంటి అలా జారిపోయింది? గాలివానొచ్చినా ఊడని ముడి నీది."

"మనవరాలు వేసింది."

"నువ్వెందుకు వేసుకోలేదు?"

"వయసైపోలా..."

"గంప మానేసి చిన్న బుట్టతో ఆటోలో తిరుగుతున్నావంట."

"మోకాళ్ళ నొప్పులే."

"మోకాళ్ళతో వేసుకుంటావా ముడి? ఇలా రా. ఈ సంచి పట్టుకో."

"నాకెందుకే?"

"అంటుకుంటుందా? పట్టుకో!"

"ఇదిగో, పట్టుకున్నా. చాలా?"

"ఎడం చేత్తో కాదు. కుడి చేత్తో."

"వద్దే."

"సంచి వదిలెయ్. ఉత్త చెయ్యే. భుజం దాకా ఎత్తు చాలు."

"అన్నం మాడిపోద్దే, వెళ్ళనీ."

"ఎత్తు వదినా."

"రాదే."

"ఎత్తు!"

"రావట్లేదే రత్నం... రావట్లేదు."

"పైట తియ్యి. సిగ్గెవరి దగ్గర, నా దగ్గరా? తియ్యి... అమ్మో. ఇదేంటి వదినా! రాయిలా ఉంది. చంకంతా... పాపాయి కాదు. నువ్వు. మీ ఆయనకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. నిన్నెలా చూశారో చూశాగా."

"రేవూ వద్దు, ఏమీ వద్దు. రేపు తెల్లారి మొదటి బస్సుకి నాతో వస్తున్నావు. డాక్టరు మొదట అడిగేది అదే, నిజం చెప్పు. ఎన్నాళ్ళయింది?"

"గంపకి చెయ్యి వెయ్యమని నువ్వు పిలిచావే... ఆ రోజుకే నా చెయ్యి లేవట్లేదే."