మేస్త్రమ్మ దగ్గు

సబ్బుల ఫ్యాక్టరీ భోజనాల గదిలో ప్యాకింగ్ మేస్త్రమ్మ లాప్‌టాప్ ముందు బిగుసుకుని కూర్చుంది. నెల రోజులుగా వాళ్ల పనిని కెమెరాతో తీస్తున్న పరిశోధకురాలు వీడియో నడిపింది.

“చూశావా అమ్మాయ్! అందరూ పని చేస్తున్నారు, నేనొక్కదాన్నే దిమ్మలా కూర్చున్నాను. మేస్త్రీ దండగని పైవాళ్లు ఊరికే అనలేదు.”

“తొందరపడకండి అక్కా. ఇదిగో, ఇక్కడ దగ్గారు.”

“అట్టపెట్టెల దుమ్ముకి దగ్గు రాదూ?”

“మీరు దగ్గగానే మూడో కుర్చీలో ఆవిడ ఏం చేసిందో చూడండి.”

“కొత్తపిల్ల ముందున్న పెట్టెలు తన వైపు లాక్కుంది.”

“ఆ పిల్ల వెనకబడిన ప్రతిసారీ మీరు దగ్గారు. నెలలో అరవై రెండు సార్లు. ప్రతిసారీ పక్కనున్న వాళ్లెవరో ఒకరు ఆ పిల్ల పనికి చేయి వేశారు. సబ్బులు మోసుకొచ్చే బెల్టు ఒక్కసారీ ఆగలేదు, ఆ పిల్లనెవరూ పల్లెత్తు మాట అనలేదు.”

మేస్త్రమ్మ ఆ వీడియో మళ్లీ పెట్టించుకుని చూసింది.

“ఓసి నా మతి మండా! ఇన్నాళ్లూ నాది పాడు గొంతనుకున్నాను. అరిస్తే పిల్ల బెదిరిపోయి ఇంకా తప్పులు చేస్తుంది. అందుకే కాబోలు, దగ్గడం అలవాటైపోయింది.”

“రేపు మేనేజర్ల మీటింగులో ఇది చూపించాలంటే మీరు ఒప్పుకోవాలి. భయమైతే మీ మొహం మసకగా పెడతాను, ఎవరూ గుర్తుపట్టరు.”

మేస్త్రమ్మ నిటారుగా కూర్చుని జుట్టు సర్దుకుంది.

“మసకెందుకమ్మా? పాతికేళ్లుగా చేస్తున్న పనిని ఇవాళే కళ్లారా చూసుకున్నాను. నా మొహం బాగా కనబడనీ. నన్నూ ఆ మీటింగులో కూర్చోబెట్టు. వాళ్లేం అడిగినా నేనే చెబుతాను.”