కాస్త చూస్తూ ఉండండి

మాదన్నపేట కూరగాయల మార్కెట్లో ఆకుకూరల బండి. వెనక గోడ మీద పోలీసుల కొత్త పోస్టరు: ‘ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే ముట్టుకోవద్దు, వెంటనే ఫోన్ చేయండి.’ జనం దాన్ని పట్టించుకుంటున్నారో లేదో కనుక్కోవడానికి ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని ఆ బండి దగ్గరికి వచ్చింది.

“ఈ పోస్టరు చదివారా అండీ?”

“నాకు చదువు రాదు బిడ్డా. పక్క బండి మున్నీ చదివి చెప్పింది.”

“అయితే అలాంటి సంచి కనిపిస్తే ఏం చేస్తారు?”

“బండి కింద పెడ్త. ఎవరన్న ఎత్కపోతె పాపం గదా.”

“అయ్యో, ముట్టుకోకూడదండీ! అందులో బాంబు ఉంటే?”

“బాంబంటె నాకు భయం లేదనుకున్నవా? గని రోజుకు పది మంది వాళ్ల సంచులు నా తాన్నే పెట్టి, మిగతా బేరాలు చూస్కొనొస్తరు. పదింటికీ ఫోన్ చేయాల్నా?”

“వాళ్ళంతా మీకు తెలిసినవాళ్ళేగా?”

“కొందరు తెలుసు. కొందరు తెల్వదు.”

“తెలియనివాళ్ళను కూడా ఎలా నమ్ముతారండీ?”

“గంట కింద నీ నల్ల బ్యాగు గీడ పెట్టి, ‘కాస్త చూస్తూ ఉండండి’ అని పోయినవ్. నీ పేరన్న చెప్పినవా?”

“...హరిప్రియ అండీ.”

“పేరు సరే బిడ్డా. గంట సేపు నా కాళ్ల కాడ్నే ఉన్నది, నాకేం ఫికర్ గాలే. నువ్వు గిదంత చెప్పినంక అడుగుతున్న. దాంట్ల ఏమున్నది?”