తలైమన్నారు ఓడ కాగితం

కోవిల్‌పట్టిలో పెద్ద రామసుబ్బు ఇల్లు, ఉదయం పది గంటలు. సాయంత్రం విరుదునగర్ సభలో సిలోను యుద్ధం గురించి మాట్లాడాలని ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. ఎదురుగా నేలమీద, శరణార్థుల క్యాంపు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పంచవర్ణం, ఆయనకు తమ్ముడయ్యే చిన్నాన్న కొడుకు భార్య. వంటింట్లో ఆయన ఇల్లాలు సంతానలక్ష్మి.

"...ఎనబై మూడు జూలై, ఆడిమాసంలో కొలంబో కాలిపోయె. ఎనబై ఏడులో ఇండియా సిపాయిలు దిగిరి. తొంబైలో వాళ్లు పోయిరి, మళ్లీ తుపాకులే. తొంబై అయిదులో యాళ్‌పాణం, అదే జాఫ్నా, ఊరుఊరే మూటలెత్తి..."

"బావా, అదంతా మీటింగులో చెప్పండి. నాకేంటికి? నేను దాంట్లో పడి లేచినదాన్ని."

"వరస తప్పితే జనం నవ్వుతారు పంచవర్ణం. ఇంగ రెండువేల తొమ్మిది. అక్కడ గొంతు దించల్ల. 'నా బిడ్డ ముత్తురామన్ ఆ సముద్రం ఒడ్డు ఇసకలో...'"

"ఎవరి బిడ్డ?"

"తమ్ముడి బిడ్డ నా బిడ్డ గాదా?"

"పడవలో చోటు లేదని వాణ్ణి మా అమ్మకాడ విడిచి వస్తిని. పదకొండేండ్లోడు. పందొమ్మిదేండ్లు వాడు ఆ గుండ్ల మధ్యన బతికె. ఒక్క జాబు రాస్తిరా మీరు? సచ్చినాక బిడ్డయ్యెనా? తూ!"

"కోపపడాకు. జనానికి నొప్పి తెలియల్ల గదా."

"నా నొప్పితో మీకు చప్పట్లా? పోనీండి. అడగాలని వచ్చింది వేరే. సత్యప్రియ సంగతి."

"మనవరాలా? నర్సు చదివె గదా. సంతోషం, సంతోషం."

"ఏం సంతోషం? విరుదునగర్ ఆసుపత్రిలో ఉద్యోగమని పిలిచి, శరణార్థి కార్డు చూసి కుదరదనిరి. పుట్టిందీ ఇక్కడే, చదివిందీ ఇక్కడే. అయినా ఈ దేశపు మనిషి గాదంట. మేము సిలోను టీ తోటకు పోయిన కూలీలు, మా తాతలు ఇక్కడి పుదూరు పక్క ఊరోళ్లే అని రుజువుంటే దారి ఉందంట. శుక్రవారం లోపల ఇయ్యల్ల. మీ ఓడ కాగితంలో తాత ఊరు ఉంటాది, ఒక జెరాక్స్ ఇయ్యండి బావా."

"ఏ కాగితం?"

"మీ పాస్‌పోర్టు. డెబ్బై ఎనిమిదిలో సిలోను విడిచి తలైమన్నారు రేవులో ఓడెక్కితిరే, అది."

"అదా... చెదలు తినె."

"పోయినసారి వానకు తడిసె అంటిరే."

"తడిసె. ఆనక చెదలు తినె. సంతానం, కాఫీ అయ్యెనా?"

"అవుతుంది. మీరు ఆమెకు జవాబు చెప్పండి."

"చెప్తిని గదా! నాకు కారొస్తుంది పంచవర్ణం, ఆదివారం రా, చూస్తాం."

"ఆదివారానికి ఉద్యోగం ఇంకొకరిదైపోతుంది. నేను నాలుగింటికి క్యాంపులో ఉండల్ల, పేర్లు పిలుస్తారు. పలక్కపోతే కార్డు నిలిపేస్తారు. ముప్పై ఏండ్లకు పైన పలుకుతానే ఉండాను బావా, పసిబిడ్డ మాదిరి."

"ఏం చేస్తాం, తలరాత."

"మా ఆయనా అదే అంటా పోయె. తాత పేరని అన్న కొడుక్కూ రామసుబ్బే, తమ్ముడి కొడుక్కూ రామసుబ్బే. తోటలో ఒకే లయిను ఇండ్లు, నడుమ ఒకే గోడ. పెద్ద రామసుబ్బుకు ఇండియా కాగితం వచ్చె, చిన్న రామసుబ్బుకు రాకపోయె. 'అన్న అదృష్టం, మనకు రాసిపెట్టలే' అంటానే కన్ను మూసె. మీరు సావుకు గూడా రాలేదు."

"ఆ పొద్దు ఒట్టపిడారంలో మీటింగు..."

"చాలు! ఇంగ చాలు. పంచవర్ణం, ఇదో ఓడ కాగితం, పట్టు."

"సంతానం! పెట్టె ఎవరు తెరవమనిరి? లోపలికి పో!"

"నలబై ఆరేండ్లు లోపలే ఉంటిని. రోత పుట్టె నాకు. చదువు పంచవర్ణం, పేరు చదువు."

"రామసుబ్బు... తండ్రి పొన్నయ్య. పొన్నయ్య మా మామ గదక్కా? బావ తండ్రి సుడలైమాడన్ గదా?"

"కింద చదువు."

"భార్య... పంచవర్ణం. అక్కా, ఇదేంది? ఇది నా పేరు."

"తోట ఆఫీసోళ్లు చేసిన పొరపాటు పంచవర్ణం, ఆ కాలంలో అంతా..."

"పొరపాటా? తపాలోడు ఈ కాగితం తెచ్చి చిన్న రామసుబ్బు ఎవరనే అడిగె. ఈయన 'నేనే' అనె. తోట లెక్కలు రాసే కణక్కుపిళ్ళై ఫోటో మార్చె. ఓడకాడ 'పంచవర్ణం' అని పిలిస్తే నేను తల ఊపితిని. రేషన్ కార్డు చూడు, ఓటు కార్డు చూడు, ఇప్పటికీ నేను పంచవర్ణాన్నే."

"అక్కా... మాకు రాలేదని గదా మేము తోట విడిచి ఉత్తరాన వవునియాకు పోతిమి. తోట విడవకపోతే... నా బిడ్డ..."

"అవును. ఆ యుద్ధంలోకి మిమ్మల్ని తోసింది సింహళోడు గాదు, మేము. జెరాక్స్ ఏంటికే? అసలుదే ఎత్తుకో. అది నీది."

"సంతానం, పిచ్చి పట్టెనా? అది ఆఫీసులో చూపిస్తే మనం ఏమౌతామో తెలుసునా?"

"తెలుసు. సత్యప్రియ మాదిరి, ఈ దేశపు మనుషులం గాకుండా పోతాం."