ఫైనల్ పోగొట్టిన సైగ

నాగసాకి రేవు దగ్గర నూడుల్స్ కొట్టులో ఇద్దరు ముసలి బేస్‌బాల్ ఆటగాళ్ళు కూర్చున్నారు. ఒకప్పుడు ఒకే జట్టులో సెనో బంతి విసిరేవాడు, ఏ బంతి వెయ్యాలో సైగ చేసి ఇవాకురా పట్టేవాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద కొత్తగా అచ్చయిన జట్టు చరిత్ర పుస్తకం ఉంది.

“చదివావా, సెనో?”

“చదివాను. నీ ఫోటో బాగా వచ్చిందిరా.”

“దాని కింద చూడు. ‘ఇవాకురా తప్పు సైగ వల్ల ఫైనల్ పోయింది.’ నేను వంపు బంతి వెయ్యమన్నాను. నువ్వే తల అడ్డంగా ఊపి నేరుగా వేసి కొట్టించుకున్నావు.”

“తప్పు నెత్తిన వేసుకుంటానన్నది నువ్వే కదరా.”

“అవును. నీ పెళ్ళానికి నెలలు నిండాయి, జట్టులోంచి తీసేస్తారని ఏడ్చావు. పత్రికలవాళ్ళకి అబద్ధం చెప్పాను. ఆ ఏడే నన్ను తీసేశారు.”

“మర్చిపోలేదురా.”

“ఈ పుస్తకం రాసినాయన నిన్ను అడిగాడట. ముప్ఫై ఏళ్ళ తర్వాత నిన్నెవరు తీసేస్తారు? నిజం చెప్పొచ్చుగా!”

“చెబుదామనే కూర్చున్నా. పక్కన నా కొడుకున్నాడు. వాడికి నేనంటే ఎంత గొప్పో నీకు తెలుసుగా.”

“నాకూ కూతురుంది. నిన్న ఇది చదివి ‘నిజమేనా నాన్నా?’ అంది.”

“ఏం చెప్పావు?”

“నువ్వొచ్చి చెబుతావన్నాను. లే, ఇల్లు ఈ వీధి చివరే.”

సెనో లేవలేదు.

“నూడుల్స్ చల్లారిపోతున్నాయి, ముందు తిను” అన్నాడు.