దులిపిన చొక్కా

అమ్మాయ్, ఆ దుప్పటి గుమ్మంలో దులపకే! తడిపి ఉతుకు. చాదస్తమా? సరే, చాదస్తమే అనుకో. కూర్చో, చెప్తా. మీ నాయనమ్మని నువ్వు చూళ్లేదుగా. నవ్విందంటే పక్కింటివాళ్లు తలుపు తీసి చూసేవాళ్లు, అంత గొంతు. అప్పట్లో నేను పలుగురాళ్లు పిండికొట్టే మిల్లులో ఉండేవాణ్ణి. గాజు చేసేవాళ్లకి వెళ్లేది ఆ పిండి. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. "మావాడు తెల్లగా ఉంటాడని అత్తయ్యగారంటే కోతలు కోస్తున్నారనుకున్నా, నిజమే చెప్పారన్నమాట!" అని ఎగతాళి చేసేది. ఏం చెప్తున్నా? ఆఁ, చొక్కా. కాపరానికొచ్చిన కొత్తలో నా చొక్కా తిన్నగా నీళ్లలో పడేసింది. ఆ పిండి తడిస్తే కుట్లలో ముద్దకట్టి ఎండిపోతుంది, మర్నాడు కాలరు నా మెడంతా గీరేసింది. "బుద్ధుందా? ముందు దులపాలని తెలీదా?" అని అరిచా. అంతే, ఆనాటి నుంచి రోజూ గుమ్మంలో నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, పటపటా దులిపేది. పన్నెండేళ్లు. పొద్దున్నే నా ముక్కుకి తడిగుడ్డ కూడా తనే కట్టేది. విను, నా ముక్కుకి. తన ముక్కు సంగతి ఇద్దరికీ తోచలేదు.

తర్వాత దగ్గు మొదలైంది. ముందు టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగించారు, అంతా బూడిదలో పోసిన పన్నీరే. నేను మాత్రం గుండ్రాయిలా ఉన్నా. తను నాలుగు మెట్లు ఎక్కలేదు, ఒక మాట పూర్తిచేయలేదు. ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో కూడా నేను గమనించలేదే, దరిద్రుణ్ణి. పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి, "ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. ఏ మిల్లులో పనిచేశావమ్మా?" అన్నాడు. "మిల్లు గడప తొక్కలేదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని నేనే ముందుకొచ్చి చెప్పా. ఆయన నా చొక్కా వంక చూశాడు. పనిలోంచి అట్లాగే వెళ్లాన్లే. "ఇవి ఎవరు ఉతుకుతారు?" అన్నాడు. ఇంటికొచ్చాం. తను గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఆయాసపడుతూ చెయ్యి చాపింది. "విప్పండి. రేపటికి కావాలిగా" అంది. డాక్టరు అన్నది తనూ వింది, నేనూ విన్నా. అయినా పన్నెండేళ్ల అలవాటు కదా, నా వేళ్లు వాటంతటవే గుండీలు తీసేశాయి. విప్పి ఇచ్చానే. తన చేతికే ఇచ్చా.

ఆ బకెట్లో నీళ్లున్నాయా? దుప్పటి ముంచు.