నీలం నీళ్ళు

మరదలి ఇంటి అరుగు మీద గొట్టాల బావగారు కూర్చుంటే చేతిలో టీ చల్లారాల్సిందే. చేసేది పైపుల పని, చెప్పేది దానికి పదింతలు. పక్కింటి టైలరు తన షెడ్డుకీ ఒక కుళాయి కావాలన్నాడు, అంతే.

"షెడ్డుకి లైను ఎవడైనా లాగుతాడయ్యా! నీళ్ళు వెనక్కి రాకుండా ఆపడం, అదీ పని. వీధి మెయిన్‌లో నీళ్ళు ఆగాయనుకో, షెడ్డులో డ్రమ్ములో మునిగిన గొట్టం ఊరుకుంటుందా? డ్రమ్ములో ఉన్నదంతా జుర్రుకుని ఇంటి కుళాయిలోకి తెస్తుంది. అందుకే మధ్యలో వాల్వు, ఒకవైపే తెరుచుకునే తలుపులాంటిది. మా మరదలి అద్దకం షెడ్డుకి నేనే బిగించా. చీమ కూడా వెనక్కి రాదు."

ఆ మరదలు గుమ్మంలోనే ఉంది, చేతిలో మూత పెట్టిన గ్లాసుతో. లోపల మనవరాలు పాలకి ఏడుస్తోంది. కుళాయి ముట్టుకోవద్దని కూతురికి చెప్పింది. చెప్పినా మళ్ళీ వెళ్ళి చూసొచ్చింది. కాలు నిలవడం లేదు.

"ఓ ఫ్యాక్టరీలో ఇలాగే గొట్టం వెనక్కి లాగింది," అని బావగారు అందుకున్నాడు. " వాల్వు లేదు. బొటనవేలు అడ్డం పెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వేలు ఊడిందా?" అన్నాడు టైలరు.

"నాదా? నీళ్ళే జడుసుకున్నాయి! వెనక్కి తిరిగి వీధి మెయిన్‌లోకి, అక్కణ్ణించి ట్యాంకులోకి, ట్యాంకులోంచి నదిలోకి. నది వెనక్కి పారింది. చేపలు తోక ముందు పెట్టి ఈదాయి. ఒడ్డున గొడుగు వేసుకున్నవాడు చూస్తుండగా, పడిన వాన లేచి మబ్బులోకి పోయింది!"

"మబ్బు ఊరుకుందా?"

"మొత్తుకుంది! అప్పుడు జాలేసి వేలు తీశా. అమ్మాయ్, ఇంకో టీ పడితే మిగతాది చెప్తా."

ఆమె వచ్చి గ్లాసు ఆయన ముందు పెట్టి మూత తీసింది. నీళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఇవేం నీళ్ళమ్మా?"

"మన వంటింటివే. పొద్దున మెయిన్‌లో నీళ్ళు ఆగి, మళ్ళీ వచ్చాక పట్టాను. పాపకి పాలు కలుపుదామని."

టైలరు నవ్వు మధ్యలో ఆగింది.

"ఇవాళ మా షెడ్డు డ్రమ్ములో ఉన్నది నీలిమందు కాబట్టి కనబడింది," అంది మరదలు. " నిన్న ఆ డ్రమ్ములో ఉన్నది గొంతు కాల్చేసే కాస్టిక్ సోడా. అది నీళ్ళలాగే ఉంటుంది, బావగారూ."

"మరి నేను వాల్వు..."

ఆమె రెండో చెయ్యి చాపింది. కవరు కూడా విప్పని వాల్వు. "షెడ్డు అలమరలో ఉంది."

ఆయన దాన్ని చూశాడు. తర్వాత తాగేసిన టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"అమ్మాయ్, ఈ టీ ఏ నీళ్ళతో పెట్టావు?"

"పక్కింటివి. పాప కోసం మోసుకొచ్చినవి." వాల్వు ఆయన ఒళ్ళో పెట్టింది. "నదిని తర్వాత తిప్పుదురుగాని. లేవండి."